పాత గోడకు చెమ్మ: నా తప్పు, నా మరమ్మతు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంవత్సర సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

"ఇంజనీరువి కదా, వంతెనల గురించో రాకెట్ల గురించో నాలుగు మాటలు చెప్పు" అని కార్యదర్శిగారు అడిగారు. రాకెట్ల సంగతి చెప్పడానికి శ్రీహరికోటలో పనిచేసినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. నేను గోడ గురించి మాట్లాడతాను. చెమ్మెక్కి, ఉప్పు పూసి, పెచ్చులు రాలే పాత గోడ గురించి. పోయిన నెల కమిటీ మీటింగులో మన బడి పాత బ్లాకు గదులకు కింద నాలుగడుగుల మేర సిమెంటు పూత వేయించి, దాని మీద ఆయిల్ పెయింటు కొట్టించి స్వర్ణోత్సవానికి ముస్తాబు చేద్దామని అనుకున్నారు. నేను వద్దన్నాను. "ఎందుకు వద్దో అందరి ముందూ చెప్పు, అప్పుడు చూద్దాం" అన్నారు. అందుకే ఈ అరగంట.

వద్దనే అర్హత నాకెలా వచ్చిందంటే, సరిగ్గా ఆ పనే నేను మా ఇంటికి చేశాను. ఇంజనీరింగు పట్టా చేతిలో పెట్టుకుని మరీ చేశాను.

మన ఊరి నేల సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. తూర్పున పులికాట్, మన పెద్దవాళ్ల మాటలో ప్రళయకావేరి. దేశంలో ఒడిశాలోని చిలికా తర్వాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎండాకాలంలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డుకు అటూ ఇటూ నీరింకిపోయి, నేల మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటుంది. మన బావుల్లో సగానికి సగం ఉప్పు నీళ్లే. పైగా మనకు వాన తక్కిన ఆంధ్రలాగా జూన్‌లో కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఆ మూడు నెలలూ నేల నానుతుంది, గాలి కూడా నానుతుంది. మనం చదువుకునేటప్పుడు తడ నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. జిల్లా మారింది గానీ ఉప్పు ఎక్కడికీ పోలేదు.

మా ఇల్లు తాత కట్టించినది. ఇటుకా సున్నం గోడలు, పద్దెనిమిది అంగుళాల మందం. పైన మద్రాసు మిద్దె. అంటే టేకు దూలాలు పరిచి, వాటి మీద పలచటి ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి, సున్నంతో ఏటవాలు వరసల్లో పేర్చి, ఆపైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన కాంక్రీటు వేసి, కరక్కాయ బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ రోజుల తరబడి దిమ్మిసలతో కొట్టిన కప్పు. ఈ రోజుల్లో కట్టే ఇళ్లకు పునాది మీద గోడ మొదలయ్యే చోట చెమ్మ పైకి ఎక్కకుండా ఒక కాంక్రీటు పట్టీ వేస్తారు. ఆ కాలపు ఇళ్లకు అది లేదు. నేలలోని నీళ్లు గోడలోకి ఎక్కుతాయి, గోడ వాటిని గాలికి వదిలేస్తుంది. ఆ లెక్క మీదే ఆ ఇళ్లు నిలబడ్డాయి.

2004లో నాకు చెన్నైలో మంచి ఉద్యోగం వచ్చింది. చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి. నాన్న అప్పటికే ఈ బడిలో లెక్కల మాస్టారుగా రిటైరై ఇంట్లో ఉన్నారు. ముందు గదిలో, పడక గదిలో గోడ కింద రెండడుగుల మేర సున్నం పొడిపొడిగా రాలుతుండేది. అమ్మ పొద్దున్నే చీపురుతో ఆ పొడి ఎత్తిపోసుకునేది. అది చూసి నాకు నామోషీ అనిపించింది. పాత పూత కొట్టించేసి, సిమెంటు ఒకటికి ఇసుక నాలుగు పాళ్లు, అందులో నీళ్లు దిగకుండా కలిపే మందు కలిపించి, నాలుగడుగుల ఎత్తు దాకా నున్నగా పూయించాను. పైన ఆయిల్ పెయింటు, వంకాయ రంగు. వీధిలో వాళ్లొచ్చి చూసి వెళ్లారు.

మా ఇంటికి తరతరాలుగా పనిచేసిన ముసలి మేస్త్రి ఒకాయన ఉండేవాడు. నేను తాతా అని పిలిచేవాణ్ణి. ఆ పని ఆయనకివ్వలేదు, పట్నం నుంచి మనుషుల్ని తెచ్చాను. ఆయన వచ్చి అరుగు మీద కూర్చుని చూసి, "అబ్బయా, నోరు మూసేస్తే అది ముక్కులోంచి వస్తాదిరా" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

రెండేళ్లలో ముక్కులోంచి వచ్చింది. సిమెంటు పూత చెక్కుచెదరలేదు. దానిపైన, ఐదడుగుల ఎత్తున, అంతకుముందు ఎన్నడూ చెమ్మ లేని చోట గోడ ఉబ్బి పెచ్చులు లేచింది. తర్వాత ఆరడుగులు. ఎందుకంటే నేలలోంచి ఎక్కే నీళ్లు ఆగలేదు. దీపం వత్తి నూనె పీల్చినట్టు ఇటుకలోని సన్నటి దారులగుండా ఎక్కుతూనే ఉన్నాయి. ఇదివరకు రెండడుగుల దగ్గరే గాలికి ఆరిపోయేవి. ఇప్పుడు ఆ దారి మూసేశాను కాబట్టి తెరిచిన చోటు దొరికేదాకా పైకి పోయాయి. నీళ్లు ఆరినచోట వాటితో వచ్చిన ఉప్పు మిగులుతుంది. అది గడ్డకట్టేటప్పుడు ఇటుక చర్మాన్ని లోపలినుంచి చీలుస్తుంది. చెమ్మ కన్నా గోడను తినేది ఆ ఉప్పే.

దానికి నేనేం చేశాను? మళ్లీ సిమెంటు, ఈసారి ఆరున్నర అడుగుల దాకా. ఇంజనీరు బుర్ర అలా పనిచేస్తుంది.

మధ్యలో ఒక కథ చెప్పాలి. కంపెనీవాళ్లు నన్ను రెండేళ్లు ఇంగ్లండు పంపారు. అక్కడ నాతో పనిచేసే ఒకాయన పాత కారవాన్ ఒకటి కొన్నాడు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు అది. బయట పలచటి అల్యూమినియం రేకు, లోపల పలచటి ప్లైవుడ్, రెండింటి మధ్యా సన్నటి కర్ర చట్రం. లోపల చక్కటి పూల కాగితం అంటించి కొత్తపెళ్లికూతురులా ఉంది. ఒకరోజు ఆయన కిటికీ కింద బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. వారాంతాల్లో ఇద్దరం కూర్చుని దాన్ని విప్పాం. కాగితం తీశాం, ప్లైవుడ్ ఊడదీశాం. లోపల కర్ర చేత్తో పట్టుకుంటే తడి రొట్టెలా నలిగింది. నీళ్లు వచ్చింది మాత్రం కిటికీ దగ్గర కాదు. పైన, రేకులు కలిసే అతుకు దగ్గర పట్టీ కింద వేసిన జిగురు ఎండి బీటలిచ్చింది. స్క్రూ కన్నాల్లోంచి దిగిన వాన చట్రం వెంట జారి కింద చేరింది. అంతకుముందు యజమాని అది చూసి, లోపల కొత్త ప్లైవుడ్ కొట్టి, కాగితం అంటించి అమ్మేశాడు.

ఆయన పని చేసిన వరస నాకు ఇప్పటికీ గుర్తుంది. ముందు బయట అతుకు విప్పి, పాత జిగురు గీకి, కొత్తది పెట్టి నీళ్లు ఆపాడు. తర్వాత లోపలంతా తెరిచి అలా వదిలేశాడు, వారాల తరబడి. గాలిలోంచి తేమ పీల్చే యంత్రం ఒకటి లోపల పెట్టి, దాని తొట్టిలో చేరిన నీళ్లు రోజూ పారబోసేవాడు. ఆ తర్వాత కుళ్లిన కర్రను గట్టి కర్ర తగిలేదాకా కోసి, కొత్త ముక్క అతికాడు. ప్లైవుడ్, కాగితం అన్నింటికన్నా చివర. నేను మా ఇంట్లో చేసింది దీనికి సరిగ్గా తలకిందులు. అన్నింటికన్నా ముందు కాగితం అంటించాను. ఆ రోజు వాళ్ల పెరట్లో నిలబడి నాకు వంకాయ రంగు గోడ కళ్లముందు మెదిలింది.

అయితే ఒక తేడా ఉంది. కారవాన్ బయటి నీళ్లను పూర్తిగా అడ్డుకుని బతుకుతుంది, దానికి అతుకులన్నీ బిగిసి ఉండాలి. మన సున్నపు గోడ నీళ్లు వదిలి బతుకుతుంది. వరస ఆయన దగ్గర నేర్చుకున్నాను గానీ, జిగురు మన గోడకు పనికిరాదు.

నేర్చుకున్నది వెంటనే చేశానా అంటే లేదు. ఉద్యోగం, పిల్లల చదువులు. నాన్న పోయారు. 2015 నవంబరు, డిసెంబరు వానలు ఎవరూ మరిచిపోలేదు. చెన్నై మునిగింది, మన దగ్గర కాళంగి పొంగింది. ఆ వానలు తగ్గాక ఇంటికొస్తే అమ్మ మంచం గది నడిమధ్యన ఉంది. నాలుగు వైపులా గోడలకు దూరంగా. "గోడవార పడుకుంటే దుప్పటి తడుస్తుండాది నాయనా" అంది, అదేదో మామూలు సంగతిలాగా.

నాన్న బీరువా ఆ గోడకు ఆనుకుని ఉండేది. తలుపు తెరవడానికి గునపం కావలసివచ్చింది. అందులో నాన్న పనిచేసిన కాలంలో ఏడాదికొకటి చొప్పున దాచిన పదో తరగతి గ్రూపు ఫోటోలు ఉన్నాయి. వెనక అట్టలను చెద తినేసింది. ఫోటోలు ఒకదానికొకటి, అద్దాలకు అతుక్కుపోయాయి. విడదీస్తే మొహాలు అద్దంతో పాటు వచ్చేశాయి. ఇప్పుడీ సావనీరు కోసం సంపాదకవర్గం 1978 నుంచి 1990 దాకా బ్యాచ్‌ల ఫోటోలు దొరకడం లేదని అందరికీ ఫోన్లు చేస్తున్నారు. నాకూ చేశారు. ఏం చెప్పను? అవి మా ఇంట్లోనే ఉండేవి. నా 1986 బ్యాచ్‌ది కూడా.

అన్నయ్యలిద్దరూ ఇల్లు పడగొట్టి కాంక్రీటుది కట్టేద్దాం, అంతదాకా అమ్మను తిరుపతి తీసుకెళ్దాం అన్నారు. అమ్మ కదలనంది. నేను ఏడాది గడువు అడిగాను. నిజానికి మూడేళ్లు పట్టింది.

2016 సంక్రాంతి పోయాక మొదలుపెట్టాను. శనివారం చెన్నైలో లోకల్ ఎక్కడం, తడలో దిగడం, ఆదివారం రాత్రి తిరిగి వెళ్లడం. మొదటి నెల గోడను ముట్టుకోలేదు. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడటమే పని. మిద్దె మీద వాననీళ్లు పోయే తూములో ఆకులు, ఒక బంతి, చిన్న రావి మొక్క. అవి తీస్తే ఒక మూల చెమ్మ ఆగింది. పెరటి గోడకు ఆనించి అంట్లు తోమే గచ్చు ఉంది, అందులో బీట. దాన్ని పదడుగులు అవతలికి మార్చాం. అన్నిటికన్నా పెద్ద కారణం వీధిలో ఉంది. చిన్నప్పుడు మా వాకిలికి మూడు మెట్లుండేవి, ఇప్పుడు ఒకటే. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే వేస్తూ పోతే వీధి పెరిగింది, ఇల్లు దిగిపోయింది. పునాది కట్టుబడి మట్టి కింద పడి, గోడే నేల నీళ్లలో నిలబడింది. మన ఊళ్లో మీ ఇళ్లకు కూడా ఒకసారి మెట్లు లెక్కపెట్టుకోండి.

వీధిని దించలేం కాబట్టి, మా స్థలంలోనే గోడ పొడవునా అడుగున్నర వెడల్పు కాలువ తవ్వి, పాత నేల మట్టం దాకా దించి, గోడకు దూరంగా వాలు ఇచ్చి, కంకర పోశాను. గోడకు ఆనించి పోసిన సిమెంటు చప్టా పగలగొట్టాను. పక్కింటివాళ్లు పునాది తవ్వేస్తున్నాడని గొడవకొచ్చారు. వాళ్లు భయపడటం న్యాయమే. పునాది అడుగు కన్నా కిందికి ఎప్పుడూ తవ్వకూడదు, ఒకేసారి మొత్తం పొడవూ తవ్వకూడదు. నాలుగడుగులు తవ్వి, నింపి, మళ్లీ నాలుగడుగులు.

తర్వాత సిమెంటు ఊడదీయడం. ఇది నా పాపానికి శిక్ష. చిన్న సుత్తి, సన్న ఉలి, కళ్లద్దాలు. మెత్తటి పాత ఇటుకను గట్టి సిమెంటు ఎంతగా కరిచిందంటే, ఒక్కో పెచ్చుతో ఇటుక మొహం కూడా ఊడొచ్చింది. విద్యుత్ సుత్తి తెచ్చి అరగంటలో పక్కన పెట్టేశాను, అది గోడనే కదిలించేస్తోంది. వెనక ఉన్న ఇటుకలు చెరువు మట్టిలా తడిగా ఉన్నాయి, బయట ఎండ మండుతున్నా. మేస్త్రి తాత అప్పటికి ఎనభై దాటి, కర్ర పట్టుకుని వచ్చేవాడు. నేను వేయించింది నేనే చెక్కుకుంటుంటే చూసి, "నీకు అప్పుడే చెప్పుండా" అనలేదు. "పైనుంచి కిందికి కొట్టబాక, పక్కనుంచి లేపు" అని మాత్రం అన్నాడు.

చెక్కిన తర్వాత ఆరనివ్వడం. అందరికీ కష్టంగా తోచేది ఇదే, ఎందుకంటే ఏ పనీ జరుగుతున్నట్టు కనపడదు. గోడ మందం అంగుళానికి ఒక నెల అని ఇంగ్లండులో ఒక మోటు లెక్క చెబుతారు. మాది పద్దెనిమిది అంగుళాలు. రెండు ఎండాకాలాలు గోడ ఇటుకలు బయటపెట్టుకుని నిలబడింది. అమ్మను చూడటానికి వచ్చిన ప్రతి చుట్టమూ "ఇంజనీరు కొడుకుండి ఇదేం కర్మమ్మా" అని వెళ్లారు. అమ్మ మాత్రం నవ్వి, "వాడు గోడను ఎండేసుండాడు" అనేది, వడియాలు ఎండేసినట్టు.

గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఇంగ్లండు స్నేహితుడు తన చెమ్మ మీటరు నాకు కానుకగా ఇచ్చాడు. రెండు సూదులు కర్రలో గుచ్చితే తేమ ఎంతో చెబుతుంది. దాన్ని మా గోడకు పెడితే ఎక్కడ పెట్టినా గగ్గోలే. పొడిగా ఉన్నచోట కూడా. రెండు సూదుల మధ్య కరెంటు ఎంత పారుతుందో చూసి తేమ చెప్పే యంత్రం అది. ఉప్పు ఉంటే కొద్ది తేమలోనే కరెంటు బాగా పారుతుంది, యంత్రం మోసపోతుంది. మన ఊళ్లో గోడల మందు అమ్మేవాళ్లు అదే మీటరు చూపించి భయపెడితే నమ్మకండి. నేను చేసింది పాత పద్ధతి. తక్కువ వేగంతో డ్రిల్లు వేసి గోడ లోపలి పొడి కొంచెం తీసి, తూచి, పెనం మీద సన్నసెగన ఎండబెట్టి, మళ్లీ తూచడం. తగ్గిన బరువే నీళ్లు. మూడు నెలలకోసారి అదే ఎత్తులో తీస్తే గోడ ఆరుతోందో లేదో దాచకుండా చెబుతుంది.

ఇక ఉప్పు. మామూలు ఉప్పుకు ఒక గుణముంది. గాలిలో తేమ 75 శాతం దాటితే అది గాలిలోంచే నీళ్లు లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. వానాకాలంలో ఉప్పుజాడీ చెమర్చేది అందుకే. గోడలో ఉప్పు ఉంటే గోడా అంతే. చుక్క వాన పడకపోయినా, కార్తీకమాసం ఉదయాన ముసురు పట్టగానే గోడ చెమటలు కక్కుతుంది. కనక నీళ్లు ఆపితే సరిపోదు, ఉప్పునూ తీయాలి. పైకి పూసినదాన్ని పొడి బ్రష్షుతో దులిపి, చేటలోకి ఎత్తి బయట పారబోయాలి. నీళ్లు పెట్టి కడగకూడదు, కడిగితే మళ్లీ లోపలికి పోతుంది. లోపల ఉన్నదాన్ని తీయడానికి కాగితపు గుజ్జు పట్టు వేస్తారు. కాగితం నానబెట్టి, మెత్తగా రుబ్బి, గోడకు అర అంగుళం మందాన అంటిస్తే, దాని తడికి గోడలోని ఉప్పు కరిగి, ఆరేటప్పుడు గుజ్జులోకి వచ్చేస్తుంది. ఎండిన అట్టలా ఊడదీసి పారేయడమే. నీళ్లు మాత్రం మంచినీళ్లే వాడాలి. నేను మొదటిసారి బావినీళ్లు వాడి, ఉప్పు తీయడానికి ఉప్పునీళ్లు పోసిన మేధావిని.

అంత కాగితం ఎక్కడిది? అటక మీద నాన్న నీళ్లపొయ్యిలోకని కట్టలు కట్టి ఉంచిన పాత క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ జవాబు పేపర్లు. అటక గోడకు దూరంగా ఉండటంతో అవి బతికిపోయాయి. ఫోటోలు పోయి, పరీక్ష పేపర్లు మిగలడం చూడండి. నానబెట్టేముందు ఒక్కొక్కటే చదివాను. ఇప్పుడు ముందు వరసలో దర్జాగా కూర్చున్న ఒక మిత్రుడి లెక్కల పేపరు దొరికింది. వందకు 34. నాన్న ఒక్క మార్కు కలపలేదు. ఆ ఒక్క పేపరు గుజ్జులో వేయలేదు, భద్రంగా ఉంచాను, వందనోటు ఇచ్చి తీసుకెళ్లవచ్చు.

పట్టు ఊడదీసిన ప్రతిసారీ ఉప్పు తగ్గిందో లేదో చూడాలి. మేస్త్రి తాత నాలుకకు తాకించి చూసేవాడు. నేను ఈ బడి సైన్సు ల్యాబులో నేర్చుకున్నది వాడాను. ఎండిన పట్టు ముక్కను మరిగించి చల్లార్చిన శుభ్రమైన నీటిలో నానబెట్టి, వడగట్టి, ఆ నీటిలో సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు వేస్తే పెరుగు విరిగినట్టు తెల్లగా అవుతుంది. ఉప్పు తగ్గేకొద్దీ ఆ తెలుపు పలచబడుతుంది. పోల్చడానికి ఉత్త నీటిలోనూ వేసి చూసుకోవాలి. తొమ్మిదో తరగతిలో ఇది ఎందుకు పనికొస్తుందని అడిగి తిట్లు తిన్నాను. ఆ మందు వేళ్లకు అంటితే వారం దాకా నల్లమచ్చలు పోవు. నాలుగుసార్లు పట్టు వేశాక నా చుక్కలూ, తాత నాలుకా ఒకే మాట చెప్పాయి.

పూత సున్నంతోనే. మన సరస్సు గుల్లలు కాల్చి చేసే గుల్ల సున్నం ఇంకా అక్కడక్కడా దొరుకుతోంది. కాల్చిన సున్నం నీళ్లలో వేస్తే కుతకుత ఉడుకుతుంది. ఎప్పుడూ నీళ్లలో సున్నం వేయాలి తప్ప సున్నం మీద నీళ్లు గుమ్మరించకూడదు. కళ్లద్దాలు లేకుండా దగ్గరికి పోవద్దు. కంట్లో పడితే చూపు పోతుంది, ఇది సరదాకి చెబుతున్నది కాదు. జల్లెడపట్టి, నీళ్ల కింద నెలరోజులు మురగబెడితే వెన్నలా అవుతుంది. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు కడిగిన ఏటి ఇసుక.

మొదటి పూత నేను 2017 మే నెలలో వేశాను. పదిరోజుల్లో చేత్తో రుద్దితే పిండిలా రాలింది. సున్నం ఎండటం వేరు, గట్టిపడటం వేరు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ అది మళ్లీ రాయి అవుతుంది. ఆ పనికి కాస్త తడి ఉండాలి. మే ఎండకు నీళ్లన్నీ ఒక్కసారిగా ఎగిరిపోతే ఏముంది, ఇసుకే మిగిలింది. మొత్తం గీకేశాను. మరుసటి ఏడాది ఆగస్టులో మళ్లీ వేశాం. ఈసారి తాత చెప్పినట్టు మెత్తగా దంచిన ఇటుక పొడి కలిపాను. అది సున్నంతో కలిసి తడిలోనూ గట్టిపడుతుంది. అర అంగుళం లోపు మందంలో రెండు పొరలు, పొరకూ పొరకూ మధ్య పదిహేను రోజులు, తడి గోనెపట్టాలు వేలాడదీసి. పైన సున్నం వెల్ల. ఎమల్షన్ కూడా వద్దు, అది ప్లాస్టిక్ తొడుగే.

దూలాల చివర్లు గోడలో కూర్చునే చోట రెండు కుళ్లాయి. అది నేను చేయలేదు. కప్పుకు కింద పోట్లు నిలబెట్టి, వడ్రంగి చేత కుళ్లు కోయించి, రెండు వైపులా ఇనుప చానల్ బోల్టులతో బిగించాం. గోడ పూత ఎవరైనా చేసుకోవచ్చు. నెత్తి మీది బరువు జోలికి మాత్రం తెలిసినవాళ్లు లేకుండా పోవద్దు.

ఇప్పుడు గోడ ఎలా ఉందని అడుగుతారు. కొత్తదానిలా లేదు. కార్తీకంలో కింద అడుగున్నర నీలుక్కుని కనిపిస్తుంది, శివరాత్రికల్లా ఆరిపోతుంది. కొంచెం పొడి రాలుతుంది. ఐదారేళ్లకోసారి కింది పూత కొట్టేసి మళ్లీ వేయాలి. ఇటుక బదులు అది ఉప్పుకు బలి అవడానికే ఉంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వానలు పడ్డప్పుడు నేను చెన్నైలో ఇరుక్కుపోయి, నాలుగు రోజుల తర్వాత వచ్చాను. అమ్మ మంచం గోడవారే ఉంది.

సిమెంటు చెడ్డదని నేననడం లేదు. అది నా అన్నం. కొత్త ఇంటికి, నీళ్ల తొట్టికి, చెమ్మ పట్టీ ఉన్న గోడకు దాన్ని మించింది లేదు. సున్నపు గోడ మీద మాత్రం వద్దు.

మన పాత బ్లాకు సంగతికి వస్తాను. పోయిన వారం హెడ్మాస్టరుగారి అనుమతితో చూశాను. మనం ఎనిమిదో తరగతి చదివిన గదిలో ఒక మూల పూర్తిగా నానింది. పైన తూము పూడిపోయింది. బయట ప్రార్థన జరిగే చోటు ఎత్తు చేయడానికి తోలిన మట్టి గోడ మీదికి అడుగున్నర ఎక్కింది. లోపల ఎప్పుడో వేసిన సిమెంటు పట్టీ మూడడుగుల దాకా ఉంది, చెమ్మ నాలుగున్నర దగ్గర కనపడుతోంది. మా ఇంటి కథే, ఇంకా మొదటి అధ్యాయంలో ఉంది. దాని మీద మళ్లీ సిమెంటు వేస్తే పండగ ఫోటోల్లో చక్కగా పడుతుంది, మూడో ఏడు పిల్లల తల మీద పెచ్చులు పడతాయి.

నేను అడిగేదల్లా ఇది. పూతకూ పెయింటుకూ పెట్టుకున్న డబ్బు ఈ ఏడాది ముట్టుకోకండి. తూములు బాగుచేసి, మట్టి దించి, ఆ ఒక్క గదిలో సిమెంటు చెక్కి వదిలేద్దాం. రెండు ఎండాకాలాలు చూద్దాం. దాతల పేర్ల రాయి ఎక్కడ పెట్టాలని అధ్యక్షులవారు అడిగారు. పెట్టడానికి చాలా గోడలున్నాయి, ఆ గోడకు మాత్రం వద్దు. స్వర్ణోత్సవం రోజున ఆ గది ఇటుకలు బయటపెట్టుకుని ఉంటుంది, వచ్చిన మంత్రిగారు అడిగితే నేను జవాబు చెబుతాను.

సంక్రాంతి వెళ్లిన మొదటి ఆదివారం పొద్దున ఏడింటికి మొదలుపెడదాం. మేస్త్రి తాత లేడు, ఆయన మనవడు వస్తానన్నాడు. నా దగ్గర ఉలులు ఆరున్నాయి, కళ్లద్దాలు నాలుగే. ఉన్నవాళ్లు తెచ్చుకోండి. లెక్కల్లో 34 వచ్చిన మిత్రుడు మట్టి తోలడానికి ట్రాక్టరు పంపిస్తానని ఇందాకే సైగ చేశాడు.